కడిగేసిన బొమ్మలు

ముసలాయన ఆ రోజు కూడా గేటు దగ్గర నిలబడి ఉన్నాడు.

ఆయన్ను చూడగానే ఒర్తాన్స్‌కు ఒళ్ళు మండింది.

పారిస్ పొలిమేరలో ఉన్న ఆ షెడ్డులో పాత సినిమా రీళ్ళను వేడి సోడా నీళ్ళలో కడుగుతారు. బొమ్మలు ఊడిపోతాయి. వాటిలోని వెండి యజమానికి, తేటపడిన ఫిల్ము దువ్వెనల ఫ్యాక్టరీకి.

చేతులు పొక్కిపోయే ఆ పనిలో ఆమె చేరింది కూలి కోసం కాదు, కొడుకు కోసం.

బాస్తియాన్‌ను యుద్ధం మింగేసింది. వాడిది ఒక్క ఫోటో కూడా లేదు.

కానీ వాడి చిన్నతనంలో, ఊరి తిరునాళ్ళలో, గుడారం సినిమావాడొకడు కెమెరా పెట్టె హ్యాండిల్ తిప్పుతూ జనాన్ని బొమ్మ తీశాడు. బాస్తియాన్ పెట్టె ముందుకు ఉరికి నాలుక బయటపెట్టాడు. ఆ సాయంత్రం తెర మీద వాణ్ణి చూసి ఊరంతా పగలబడి నవ్వింది.

ఆ రీలు ఏదో ఒకనాడు ఇక్కడికి రాకపోతుందా అని ఆమె ఆశ. ప్రతి రీలు మొదలూ వెలుతురుకు పట్టి చూసేది. ఏ హాస్యగాడో కనిపిస్తే, ఇది కాదులే అని తొట్టిలో వేసేసేది.

మధ్యలో ఈ ముసలాయన దాపురించాడు. రీళ్ళ డబ్బాలు ఒక్కసారి చూడనివ్వమని రోజూ మేస్త్రీని బతిమాలతాడు. తరిమినా మర్నాటికి మళ్ళీ ప్రత్యక్షం. వెండి దొంగేనని ఆమె తేల్చేసుకుంది. వీడు ఎత్తుకుపోయే డబ్బాలోనే నా బిడ్డ ఉంటే?

ఆ రోజు ఆయన ఆమెనే పలకరించాడు.

"మీదే ఊరమ్మా?"

"నా ఊరితో నీకేం పని? పోలీసుల్ని పిలవమంటావా?"

"కోప్పడకమ్మా. ఊరికే అడిగా."

ఆమె పిలిపించనే పిలిపించింది. ఆయన్ను లాక్కుపోతుంటే పీడ విరగడైందనుకుంది.

చలి ముదిరాక ఒక మధ్యాహ్నం, అందరూ సూపులో రొట్టె ముంచుకుని తింటుంటే, మార్సెలిన్ అనే ఆవిడ వచ్చింది. తిరునాళ్ళలో రంగులరాట్నం నడిపే మనిషి. ముసలాయన ధర్మాసుపత్రిలో పోయాడనీ, పోతూ ఈ డబ్బాల సంగతి తనకు అప్పగించాడనీ చెప్పింది. ఒకప్పుడు గుడారం సినిమా ఆయనదేనట. దివాలా తీసి రీళ్ళన్నీ తూకానికి అమ్ముకున్నాడట.

"ఊళ్ళోవాళ్ళ బొమ్మ ముందే వేస్తే, చూసుకుని లేచిపోతారు కదా. అందుకని హాస్యం బొమ్మలకు చివర అతికించేవాడు" అంది మార్సెలిన్.

మొదలు మాత్రమే చూసి తను తొట్టిలో వేసిన రీళ్ళన్నీ ఒర్తాన్స్ కళ్ళముందు తిరిగాయి.

"పోయిన సినిమాల మీద ముసలాడికి అంత మోజేంటి?" అన్నాడు మేస్త్రీ.

సినిమాల మీద కాదని చెప్పింది మార్సెలిన్. యుద్ధంలో పోయిన కుర్రాళ్ళ ముఖాలను ఆ చివర్లలోంచి కత్తిరించి, ఊరు కనుక్కుని, వాళ్ళ తల్లుల చేతుల్లో పెట్టడానికి తిరిగినవాడట ఆయన.