ధైర్యంగా ఉండమ్మా

మా క్యాంపులో ముందు వరసకు వెళ్లే ప్రతివాడూ ఇంటికి ఆఖరి కార్డు రాసి వంటాయనకు ఇస్తాడు. తిరిగొస్తే దాన్ని పొయ్యిలో పడేస్తాం. మూడు రోజుల్లో రాకపోతే, వంటాయన దాని కింద "ధైర్యంగా ఉండమ్మా" అని ఓ ముక్క, తన పేరూ చేర్చి టపాలో వేస్తాడు.

నేను ఐదో రోజున వచ్చాను, కుడిచేతికి కట్టుతో.

నన్ను చూడగానే వంటాయన చేతిలో గరిటె జారిపోయింది. "నీ కార్డు వేసేశాను కదరా తమ్ముడూ!"

కట్టు కట్టిన చెయ్యి చూపించాను. "మా ఆవిడ ఏమైపోతుందో అన్నా! ఇంకోటి రాయి. నేను చెప్తాను."

నేను బతికే ఉన్నానని ఆయన రాశాడు. బెంగపడుతుందని చేతి దెబ్బ మాట రాయించలేదు. ఆమెకు నమ్మకం కుదరాలని, మా ఇద్దరికే తెలిసిన సంగతి ఒకటి చేర్చమన్నాను. పెరటి గడియ బిగుసుకుంటే తలుపును కాస్త పైకెత్తి లాగాలి.

అప్పట్నుంచీ కళ్లు మూస్తే ఆ తలుపే. దాని వెనక ఆమె, గడియ రాక గుంజుతూ.

పద్దెనిమిదో రోజున జవాబు వచ్చింది, వంటాయన పేరు మీద. పొయ్యి ముందు నిలబడి ఆయనే పైకి చదివాడు.

"అన్నయ్యా, మొదటి కార్డు కింద, రెండో కార్డు నిండా ఒకటే చేతిరాత. నన్ను నిలబెట్టాలని అబద్ధమాడిన మీ మంచి మనసుకు దండం. గడియ సంగతి కూడా ఆయన మీతో చెప్పుకున్నారంటే, పోయేముందు నన్నెంత తలుచుకున్నారో! ఇవాళ ఆ తలుపు పైకెత్తి లాగి, గడియ వేసి, ఇల్లు ఖాళీ చేస్తున్నాను. ఇక ఈ చిరునామాకు రాయకండి."