గూడ్సు అడ్డమున్న పూట

మా హర్షిణి వాళ్ల నాయనమ్మను చూసి, ఆగి ఉన్న గూడ్సుబండి కింద దూరడం నేర్చుకుంటుందేమోనని నాకు చచ్చేంత భయం. మా చిన్న స్టేషన్లో గూడ్సు ఆగితే ప్లాట్‌ఫారానికి దారి మూసుకుపోతుంది; ఇక మెట్ల వంతెన ఎక్కి దిగాల్సిందే.

ఆవేళ పిల్ల నా చెయ్యి విడిపించుకుని వంగనే వంగింది. దాన్ని వెనక్కి లాగి, ముందే దూరబోతున్న మా అత్తగారి నెత్తిమీది చేపల తట్ట గట్టిగా పట్టుకున్నాను.

"వదలవే దుర్గా. ఏలూరు పాసింజరు వచ్చేస్తంది."

"రానివ్వండి. వంతెన మీంచే వెళదామండీ."

"నువ్వు కాపరానికి రాకముందు నుంచీ ఇలాగే దూరుతున్నా. నన్నేవన్నా తినేసిందా?"

"మిమ్మల్ని చూసే అదీ వంగిందండీ. నేను వదలను."

"చేప మెత్తబడితే నువ్వు కొంటావా?"

"కొంటాను. మీ అబ్బాయికే వండిపెడతాను."

ఆవిడ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"మెట్లెక్కలేనే. మోకాళ్లు పోయాయి. వాడికి తెలిస్తే నా యాపారం మానిపించేస్తాడు."

ఇన్నాళ్లూ అది తొందర అనుకున్నాను.

"ఆయనకు చెప్పనండి. మీరు మానొద్దు కూడా. నా భుజం పట్టుకోండి."

తట్ట నా నెత్తికెత్తుకుని, పిల్లను ముందు నడిపించాను. సగం మెట్లెక్కేసరికి పాసింజరు వచ్చి వెళ్లిపోయింది.

"పోయింది, చూడు" అని తిడుతూనే ఆవిడ ఇంకో మెట్టెక్కింది.

"పోనివ్వండి. వెనకాల ఇంకోటుంది."

రోజూ నేను వెంట వెళ్లలేను. గూడ్సు అడ్డమున్న పూట మా స్టేషన్లో తట్టతో ఒక పెద్దావిడ కనిపిస్తే, వంతెన ఎక్కుతోందో లేదో కాస్త చూడండి. అక్కర్లేదనే అంటుంది. మీరు తట్ట అందుకోండి.