చెయ్యి ఆడినంత కాలం

“అమ్మా, దీనికి ఏ రోగమూ లేదు,” అన్నాడు గడియారాల షాపాయన, కంటికున్న భూతద్దం తీసి. “ఆటోమేటిక్ ఇది. కీ అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు. పెట్టుకున్న చెయ్యి కదులుతుంటే నడుస్తుంది. లేదంటే రెండ్రోజుల్లో పడకేస్తుంది.”

“పెట్టుకునే ఉన్నారండీ.”

“పెట్టుకున్నా ఆగిందా? మా ఆవిడ నన్ను సోమరిపోతంటుంది. మీవారు నాకంటే ఘనులే!”

ఆమెకి నవ్వు రాలేదు. గోడ మీద పాతిక గడియారాలున్నాయి. ఏ రెండూ ఒక మాట మీద లేవు. నాలుగు దాటిందని మాత్రం అన్నీ ఒప్పుకుంటున్నాయి.

“అచ్చం ఇలాంటిదే ఇంకోటి కావాలి. మీగడ రంగు డయలు, రెండు చిన్న చక్రాలు, మధ్యలో పొడుగు ముల్లు. కానీ ఆగకూడదు. చెయ్యి కదిలినా, కదలకపోయినా.”

“అంటే క్వార్ట్జ్. బ్యాటరీది.” అతని మొహం వాడింది. “ఇంత బంగారంలాంటి ఆటోమేటిక్ పెట్టుకుని ఆ బొమ్మ గడియారం దేనికమ్మా? కాస్త ఊపితే చాలు దీనికి.”

“ఐదింటికి మా మామగారొస్తారు. రాగానే చూసేది మావారి చేతికేసే. తన గడియారం కొడుక్కిస్తూ, ‘ఒరే, నీ చెయ్యి ఆడినంత కాలం ఇదీ ఆడుతుంది’ అని మరీ కట్టారు. అది ఆగి కనిపించిందా, నా సంసారం ఈ పూటతో సరి.”

“గడియారం ఆగితే సంసారం ఆపేస్తారా? ఏం మనుషులమ్మా!”

“మంచివాళ్లేనండీ. అందరూ ఒక నిర్ణయానికొచ్చేశారు. నేనొక్కదాన్నే మొండికేస్తున్నాను.”

షాపాయన ఒకటి తీసి ముందు పెట్టాడు. ముల్లు టిక్కుటిక్కుమంటూ గెంతింది.

“వద్దొద్దు, గెంతుతోంది. అసలుది మెత్తగా జారుతుంది. మామగారు ఇట్టే పట్టేస్తారు.”

అతను అడుగు అర లాగి మరొకటి తీశాడు. “ఇది చూడండి. లోపల బ్యాటరీయే. ఈ పై బటన్ నొక్కితే పొడుగు ముల్లు ఆటోమేటిక్‌లాగే జారుతుంది. ఆపకుండా నడిపితే మాత్రం బ్యాటరీ ఆర్నెల్లు కూడా రాదు. తర్వాత నన్ననకూడదు.”

“ఆర్నెల్లా! అంత అడగడం లేదండీ నేను. ఆ పాత పట్టీ తీసి దీనికి వేసివ్వండి, చాలు.”

రోడ్డు దాటి, లిఫ్టు కోసం ఆగే ఓపిక లేక మూడంతస్తులూ మెట్ల మీదే ఎక్కింది. భర్త చెయ్యి అందుకుని గడియారం కట్టింది. ఎప్పుడూ పెట్టే మూడో బెజ్జం వదులైంది, ఐదోదానికి బిగించింది. ఇదెక్కడిదని ఆయన అడగలేదు. బటన్ నొక్కింది.

చెప్పిన వేళకే వచ్చారు మామగారు. కళ్లజోడు సర్దుకుని కొడుకు చేతి మీదికి వంగారు. ముల్లు నూనె మీద నడిచినట్టు జారుతోంది. చాలాసేపు దాన్నే చూశారు. తర్వాత, ఇంకా ఆయాసం తీరని కోడలి మొహంలోకి చూశారు.

“ఆడుతోందమ్మా,” అన్నారు మెల్లగా.

వెంటిలేటర్ తీసెయ్యమనే కాగితాన్ని సంతకం చెయ్యకుండానే మడిచేశారు.