కమాన్ మీద మచ్చ

కానిస్టేబుల్ మైసయ్య గడప దాటి లోపలికి రాగానే షబ్నమ్ కంప్యూటర్ ముందు నుంచి దిగ్గున లేచింది.

"కమాన్ ఫోటోలు జమ జేస్తున్నవట గద? ఏవి, సూపియ్యి."

ప్రత్యేక తెలంగాణ కోసం సాగిన సకల జనుల సమ్మె రోజులవి. సిద్దిపేట మొత్తం బంద్. బజారుకు ద్వారంలా నిలిచిన పాత కమాన్ మొన్నటి వానకు సగం కూలిపోయింది. ఇంజనీరింగ్ చదివిన షబ్నమ్ ఊరుకుంటుందా? కంప్యూటర్‌లో దాన్ని మళ్లీ నిలబెడతానని కూర్చుంది. నాలుగు వైపుల నుంచీ తీసిన ఫోటోలు బోలెడన్ని ఇస్తే, సాఫ్ట్‌వేర్ వాటిని కలిపి త్రీడీ బొమ్మ కట్టేస్తుంది.

బోలెడన్ని ఫోటోలు ఎక్కడివంటారా? ఉద్యమానివే! ఊరేగింపులన్నీ ఆ కమాన్ కింది నుంచే పోయాయి మరి. జనం ఫోన్లలో ఉన్నవన్నీ తెచ్చి ఆమెకిచ్చారు. ఇంతలో, కమాన్ ఎక్కి జెండా ఎగరేసినవాళ్ల మీద పోలీసులు కేసు పెట్టారు. దాంతో అందరూ హడలిపోయి తమ ఫోన్లు ఖాళీ చేసుకున్నారు. ఆ ఫోటోలిక షబ్నమ్ దగ్గర తప్ప ఎక్కడా లేవు.

ఎక్కినవాళ్లలో ఆమె తమ్ముడు ఫైజ్ ఉన్నాడు. ఆ సంగతి పోలీసులకింకా తెలియదు. తెలిస్తే జైలే. ఇక వాడికి ఉద్యోగం ఎవడిస్తాడు?

బొమ్మ పూర్తికాగానే ఫోటోలు తీసేద్దామనుకుంది. పాడు కరెంటు కోతలు సాగనిస్తేగా! ఇదిగో, ఇంతలో ఈయన దిగబడ్డాడు.

షబ్నమ్ తెలివిగా ఫోటోలు వదిలేసి బొమ్మ చూపించింది.

"కదిలేటోళ్లు గిండ్ల రారు సార్. గోడలే వస్తయి."

"ఒక్కలు గూడ రారా? పక్కానా?"

"పక్కా సార్."

తెరమీద కమాన్ మెల్లగా తిరిగింది. కింద వీధి నిర్మానుష్యంగా ఉంది. షబ్నమ్ ఊపిరి పీల్చుకోబోయింది.

"మరి గిదేంది?"

కమాన్ నెత్తిన నల్లటి మచ్చ. జెండా పట్టుకుని కదలకుండా నిలబడ్డవాళ్లను ఊరంతా ఫోటోలు తీసింది కదా, సాఫ్ట్‌వేర్ వాళ్లనీ గోడే అనుకుంది. యా అల్లా!

"పా... పావురాల గూడు సార్."

"అసలు ఫోటో తియ్యి."

తెర మీదికి తీసింది. నలుగురైదుగురు జెండా చుట్టూ గుమిగూడి ఉన్నారు. ఫైజ్ ముఖం స్పష్టంగా ఉంది, పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతూ.

మైసయ్య చాలాసేపు చూశాడు. నుదుటి చెమట తుడుచుకున్నాడు.

"గిది ఇంకెవల దగ్గరున్నది?"

"ఎవల దగ్గర లేదు సార్."

"స్టేషనోళ్లు ఎవలన్న వచ్చి అడిగిన్రా?"

"లేదు సార్. మీరే ముందు."

మైసయ్య లేచి వెళ్లి తలుపు గడియ పెట్టాడు. తలుపు గడియ ఎందుకు పెట్టాడో షబ్నమ్‌కు అర్థం కాలేదు. "అమ్మీ!" అని కేకేసింది.

వంటింట్లో నుంచి వాళ్లమ్మ షరీఫా పరుగున వచ్చి మైసయ్య కాళ్ల మీద పడింది.

"అన్నా, నీకు దండం పెడత. నా కొడుకు తెల్వక ఎక్కిండు. ఇడిసిపెట్టు అన్నా!"

మైసయ్య కంగారుగా వెనక్కి జరిగాడు. కిటికీలోంచి వీధిలోకి తొంగి చూశాడు. తర్వాత షబ్నమ్ దగ్గరికొచ్చి గొంతు బాగా తగ్గించాడు.

"మా వోళ్లు రాకముందే గవన్ని తుడిచెయ్యి తల్లీ, మీ తమ్ముని పక్కన నిలబడ్డది నా బిడ్డ."