మందుల ఖర్చు

అమ్మ చనిపోయిన నెలకు అక్క ఫోన్ చేసి, "అమ్మ బ్యాంకు లెక్కలు ఓసారి పంపరా తమ్ముడూ" అంది. ఆ రాత్రి భార్య నిద్రపోయాక, అతను అదే గదిలో కూర్చుని బ్యాంకువాళ్ళిచ్చిన ఎక్సెల్ ఫైలు తెరిచాడు. అమ్మ మంచాన పడ్డాక ఆమె కార్డుతో తను తీసి వాడుకున్న డబ్బు వరుసగా కనబడింది. ఆ వరుసల పక్కన "మందులు" అని కొట్టి, ఇంటిలెక్కల సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించడం మొదలుపెట్టాడు.

మొదటి వరుస ఎక్కగానే బీరువాలో ఏదో టింగుమని మోగింది. రెండోది ఎక్కింది. మళ్ళీ మోగింది.

అది అమ్మ ఫోన్. డబ్బు తీసినప్పుడల్లా దానికి మెసేజ్ వచ్చేది. చూపు ఆనక, "ఏంటి నాన్నా అది?" అని ఆమె అడిగేది. "ఏదో కంపెనీ మెసేజ్‌లేమ్మా" అనేవాడు.

లేచి బీరువా తెరిచాడు. ఆ చిన్న బటన్ ఫోన్‌లోంచి సిమ్ము, బ్యాటరీ ఎప్పుడో తనే తీసేశాడు. అవి పక్కనే ఉన్నాయి. అయినా ఫోన్ ఇంకోసారి మోగింది.

వెనక భార్య కళ్ళు తెరవకుండానే గొణిగింది.

"ఏవండీ, అత్తయ్య పక్క గదిలోంచి పిలుస్తున్నారు. మీకు ఇంకా ఎంత కావాలో అడగమంటున్నారు."

అతనికి భయం కంటే ముందు సిగ్గు ముంచుకొచ్చింది. ఆ గది తలుపువైపు తల తిప్పలేకపోయాడు.