పుట్టికి పెట్టిన మొహం

"ఆ మొహం తుడిచెయ్ అల్లుడా. లేదంటే రేపు తెడ్డు నీ చేతికి రాదు" అన్నాడు కాళియన్.

మాదేశన్ కుంచె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఎదురుగా కావేరి ఒడ్డు ఇసుకలో, ఒక అంచు రాయి మీద ఆనించి బోర్లించిన పుట్టి. వెదురు బద్దలతో అల్లి తారు పూసిన ఆ గుండ్రటి పడవను హొగెనక్కల్‌లో పరిసల్ అంటారు. అల్లినవాడు మామ, రంగు అద్దినవాడు అల్లుడు. ధర్మపురిలో గోడలకు పుట్టీ పెట్టి బతికే మాదేశన్, పుట్టి బుద్ధెరిగాక ఒక పుట్టికి రంగు వెయ్యడం ఇదే మొదలు.

తారు పని బుద్ధిగానే చేశాడు. తర్వాతే బుద్ధి గోడెక్కింది. ఏ కొత్త ఇల్లు పూర్తయినా దాని ముందు గోడ మీద దిష్టి మొహం వెయ్యడం అతని అలవాటు. అది వెయ్యందే పని ముగిసినట్టు చేతికి తెలియదు. ఇక్కడా చెయ్యి ఆగలేదు. పుట్టి అడుగున పసుపుపచ్చ మొహం, ఉరిమే గుడ్లు, చిన్న చెవులు, రెండు తెల్లటి కోరలు, గడ్డం దాకా వేలాడే ఎర్ర నాలుక.

"దిష్టి తగలకూడదని వేసినా మామా."

"ఎవురి దిష్టి? అడుగున ఉండేది చేపలు. చేపలకి నీ పరిసల్ మీద కండ్లా?" అంది అన్నం గిన్నె విప్పుతున్న నంజమ్మ. ఆమె కాళియన్‌కు కూతురు, మాదేశన్‌కు పెండ్లాం, ఇద్దరికీ భయం.

"మొసళ్ళు కూడా ఉండాయి."

"మొసలికి నీ మొహం చూపిస్తే చాలు. బొమ్మ ఎందుకు?"

కాళియన్ నవ్వలేదు. "ఏట్లోకి దిగినప్పుడు ముందు ఆయమ్మను తాకేది పరిసల్ అడుగే కదప్పా. కావేరమ్మ మొహానికి రాక్షసుని మొహం ఆనిస్తావా? మా నాయన చేసిన పని కాదు, నేను చేసిన పని కాదు. పొద్దు గుంకేలోపల తుడిచి నల్లగా తారు కొట్టు. లేదంటే తెడ్డు మా తమ్ముని కొడుకు వేల్మురుగన్‌కి ఇస్తా."

వరద తగ్గింది, రేపటి నుంచి పుట్లు తిప్పుకోవచ్చని ఆ పొద్దునే అధికారులు చెప్పారు. గోడల మీద వేలాడే బతుకు వదిలి నీళ్ళ మీద తేలే బతుకు పట్టాలని మాదేశన్ ఆశ. తేలడమో మునగడమో ఇప్పుడు ఆ మొహం చేతిలో ఉంది.

"పెయింట్ ఇంకా పచ్చిగా ఉంది మామా. తెల్లారినాక చేస్తా."

"పచ్చిగా ఉంటే ఇంకా సులువు. గుడ్డ తీసుకో."

మాదేశన్ కిరసనాయిలు గుడ్డ తీసుకుని చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది.

"తుడుస్తాండావా, దానికి మొక్కుతాండావా?"

"మెల్లగా మాట్లాడు మామా. పెద్దసామి వచ్చినాడు."

అడవి పక్క ఊళ్ళలో ఏనుగును పేరు పెట్టి పిలవరు, పెద్దసామి అంటారు. అది రాళ్ళ అవతల నీళ్ళలో ఒంటరిగా నిలబడి ఉంది. తాగింది. తొండంతో ఒడ్డు బురదను కలియబెట్టింది. తర్వాత తీరిగ్గా ఇటు తిరిగింది. వీళ్ళ వెనక దాక్కోను చెట్టు లేదు, గుట్ట లేదు, బట్టబయలు ఇసుక. పరిగెత్తితే వెంటపడుతుంది. కాళియన్ చప్పుడు కాకుండా పుట్టి అంచు ఎత్తాడు. ముగ్గురూ కిందికి దూరారు.

ఎదుట ఏనుగు, నెత్తిన వెదురు.

అంత బరువు నడిచి వస్తుంటే ఇసుక కూడా నోరెత్తలేదు. అంచు సందులో రెండు పాదాలు కనిపించాయి, కొబ్బరి చిప్పలంత గోళ్ళు. వేడి గాలి ఒకటి సందులోంచి లోపలికి వచ్చి, ముగ్గురి చెమటనూ తాకి వెనక్కి పోయింది. కాళియన్ పెదాలు కావేరమ్మను తలుచుకుంటూ కదిలాయి. నంజమ్మ మొగుడి చొక్కా పిడికిట్లో బిగించింది.

అప్పుడు పుట్టి మీద ఏదో ఆనింది. గోడ ఆరిందో లేదో మేస్త్రీ వేలితో రాసి చూసినట్టు, మెల్లగా, పైనుంచి కిందికి. వెదురు ఒక్కసారి కిర్రుమంది. మాదేశన్ భయపడటం మరిచిపోయి లోపలి బద్దల మీద అరచెయ్యి పెట్టాడు. చేతికి అవతల, వెదురూ తారూ కలిసినంత మందంలో, అడవంత ప్రాణం పాకుతూ పోయింది.

పాదాలు కదిలాయి. నీళ్ళు చప్పుడు చేశాయి.

బయటికి వచ్చేసరికి ఏనుగు ఏరు దాటి అవతలి పొదల్లోకి పోతోంది. ముగ్గురూ అది కనిపించినంతసేపూ దాన్నే చూశారు.

"నా బొమ్మకు జడుసుకుని పోయినాడు మామా. దిష్టి మొహం పని చేసింది కదా" అన్నాడు మాదేశన్.

"దిష్టి కాదు, అదృష్టం పని చేసింది. గుడ్డ అందుకో."

"నాయనా, ఇట్లా రా" అంది నంజమ్మ. ఆమె అప్పటికే పుట్టికి అటు పక్క నిలబడి ఉంది. ఆ గొంతులో ఎగతాళి లేదు.

పసుపు మొహం మీద, రెండు కళ్ళ మధ్య నుంచి కిందికి, ఏటి బురదతో లావుపాటి చార ఒకటి. పచ్చి రంగులో నాలుకను చెరుపుకుంటూ దిగి, గడ్డం దగ్గర ఎడమకు వంపు తిరిగి ఆగింది. దారిలో రెండు కోరల్లో ఒకటి తుడుచుకుపోయింది. ఒకటే మిగిలింది.

మాదేశన్ అందుకున్న గుడ్డ జారి ఇసుకలో పడింది.

కాళియన్ చెప్పులు విడిచాడు. భుజం మీది తుండు తీసి నడుముకు కట్టుకున్నాడు. తెడ్డు తెచ్చి అల్లుడి భుజానికి ఆనించి, కుంచె తీసి అతని రెండో చేతిలో పెట్టాడు.

"తొండం సామే వేసుకున్నాడు. చెవులు చిన్నవైనాయి అల్లుడా, అవి నువ్వు పెద్దవి చెయ్యి."