పోయినేడు నేర్చుకున్న పాఠం

"బయటికి రారా శ్యాంసన్! రాకుంటే గుడిసెతో సహా తగలబెడతా!"

గిద్యోను విసిరిన పలకరాయి ముక్కకి, తలుపు సందులోంచి తొంగిచూస్తున్న శ్యాంసన్ నుదురు చిట్లింది. మార్కాపురం పలకల ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పటి నుంచీ అతను దగ్గుతూనే ఉన్నాడని విని, పాతికమంది కర్రలతో గిద్యోను వెంట వచ్చారు.

నర్సు సువార్తమ్మ తలుపుకి అడ్డం నిలబడింది. "టెస్టులో ఏం లేదన్నా! అది పదేళ్లు మింగిన పలకల దుమ్ము. దగ్గొకటి చూస్తే ఎట్ల? జొరముందా, వాసన తెలుస్తా ఉందా, అయ్యన్నీ చూడాల గదా!"

"నువ్వు చెప్పబాక! పోయినేడు ఈ రోగమొచ్చినోళ్లతో మెత్తగా ఉండి ఏడుగురిని పూడ్చినాం. ఆ గుంటలు తవ్వింది నేను. మాకు పాఠం వచ్చింది." గిద్యోను వెనక్కి చెయ్యి చూపించాడు. కూతురు కేథరిన్ చంకలో నెలల బిడ్డ. "అదిగో నా మనవరాలు. పొద్దున్నుంచి ఇందాకటిదాకా నా ఒళ్లో నుంచి దిగలా. దాని మీదికి ఈ రోగాన్ని రానిస్తానా?"

ఆ బిడ్డంటే అతనికి ప్రాణం. సువార్తమ్మని ఒక్క తోపు తోశాడు. గుంజకి తల కొట్టుకుని ఆమె కూలబడింది. లోపల శ్యాంసన్ భార్య ఎలీషబా గొల్లుమంది.

బావమరిది పాల్ రాజు క్యాను తెచ్చి అందించాడు. గిద్యోను మూత తీసి తలుపు మీదా కప్పు మీదా కుమ్మరించాడు. అగ్గిపెట్టె తీయబోయి ఆగాడు. తడిసిన చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"పెట్రోలు తెమ్మంటే నీళ్లు తెస్తావేంట్రా!"

పాల్ రాజు చెంప ఛెళ్లుమంది. అతను చెంప తడుముకోలేదు. ముక్కు మూసుకుని రెండడుగులు వెనక్కి వేశాడు. జనమంతా అప్పటికే తువ్వాళ్లు, కొంగులు మొహాలకి అడ్డం పెట్టుకున్నారు.

"పెట్రోలే బావా. బండిలోంచి ఇప్పుడే తీసినా. గుప్పుమని కొడతా ఉంటే... నీకు వాసన రాలా?"

గిద్యోను చెయ్యి మళ్లీ ముక్కుకి ఆనించి గట్టిగా పీల్చాడు. ఏమీ లేదు.

గుడిసె వైపున్న కర్రలు ఒక్కొక్కటే అతని వైపు తిరిగాయి.

"ఆగండిరా... అమ్మా, కేథరిన్, నువ్వన్నా చెప్పు..."

మొదటి రాయి విసిరింది కేథరినే.